ఊరి గాలికి ఊరి నిధి

ఆకలిగొన్నవాడు అన్నమునకై మొఱపెట్టును. దప్పిగొన్నవాడు నీటికై మొఱపెట్టును. గాలి చెడినచోట నివసించువాడు మాత్రము దగ్గుచు ఊరకుండును. ఏలన అన్నమునకు వెల గలదు. నీటికిని వెల వచ్చినది. గాలికి ఇంకను వెలకట్టినవారు లేరు. వెలలేనిదానికి పద్దుండదు, పద్దులేనిదానికి పైకముండదు. షాబాదు, చేవెళ్ళ, మొయినాబాదు మండలముల పల్లెవాసుల ఊపిరిని గూర్చి మేము నేడు వ్రాయబూనుటకు కారణమిదియే.

షాబాదనగానే పట్టణవాసికి ఇంటిలో పరచుకొను బండ జ్ఞప్తికి వచ్చును. ఆ బండకు పేరిచ్చినది కలబురిగి సీమలోని షాహాబాదు. మనము చెప్పుచున్న షాబాదు రంగారెడ్డి జిల్లాలోని మండలకేంద్రము. వ్యవసాయమే జీవనాధారముగాగల పల్లెల నడిబొడ్డు. చేవెళ్ళ ప్రాంతపు కూరగాయలును, పూలును భాగ్యనగరపు బజారులను నింపుచున్న సంగతి ఎల్లరెఱిగినదే. ఇట్టి నేలమీదనే చందన్‌వెల్లి పారిశ్రామికవాడ వెలసినది. వస్త్రకర్మాగారమును, డేటా సెంటర్లును అచ్చటికి వచ్చినవి. పొరుగున నగరము పెరుగుచున్నది. నగరము పెరుగుటకు కంకర కావలెను, ఇసుక కావలెను, మొరము కావలెను, ఇటుక కావలెను. ఇవి యన్నియు ఎక్కడనో ఒకచోట త్రవ్వబడవలెను, పగులగొట్టబడవలెను, కాల్పబడవలెను, టిప్పర్లకెక్కి పల్లెత్రోవల వెంట నడువవలెను. నగరమునకు మేడ మిగులును; పల్లెకు దుమ్ము మిగులును.

ఈ సీమకును నగరమునకును గల ఋణానుబంధము నేటిది కాదు. 1996 మార్చి 8వ తేదీని అప్పటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 111 సంఖ్యగల ఉత్తరువును వెలువరించినది. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయములకు పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామములలో కాలుష్యకర పరిశ్రమలను, పెద్ద కట్టడములను అది నిషేధించినది. మొయినాబాదు, చేవెళ్ళ, షాబాదు మండలముల గ్రామములును అందుండెను. నగరవాసి త్రాగునీరు చెడకుండుటకు పల్లెరైతు తన భూమిపై హక్కులను కుదించుకొనెను. కాలువంత పిల్లకాలువకును కాపలా పెట్టిన శాసనము అది. 2022 ఏప్రిలులో మఱియొక ఉత్తరువుచే ఆ కట్టుబాట్లు సడలింపబడినవి. ఆ సడలింపు మంచిదా, చెడ్డదా యను వాదములోనికి మేమిప్పుడు దిగము. మేమడుగు ప్రశ్న ఒక్కటే. నగరపు నీటిని కాచుటకు పల్లెపై కట్టుబాటు విధించుట న్యాయమైనపుడు, పల్లె గాలిని కాచుటకు నగరపు సొమ్ములో భాగము నిచ్చుట న్యాయము గాదా?

దుమ్మే కదా, దులుపుకొనిన పోవునని తలచువారు కలరు. కంటికి కనబడు దుమ్ము దులుపుకొనిన పోవును. కనబడనిది పోదు. తలవెంట్రుక మందములో సుమారు ముప్పదవ వంతునకు లోబడిన రేణువులు ముక్కునందును గొంతునందును ఆగక ఊపిరితిత్తుల అడుగునకు దిగి, అచ్చటినుండి రక్తమునందు చేరునని వైద్యులు చెప్పుచున్నారు. శ్వాసకోశవ్యాధులే కాక గుండెపోటును, పక్షవాతమును వానివలన కలుగుచున్నవి. ఇంటిపొగయు బయటిగాలియు కలిసి ఏటేట సుమారు 70 లక్షలమంది అకాలమరణమునకు హేతువగుచున్నవని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. ఘనమీటరు గాలిలో ఇట్టి సూక్ష్మరేణువులు ఏడాది సగటున 5 మైక్రోగ్రాములకు మించరాదని ఆ సంస్థ 2021లో నిర్ణయించినది. మన దేశమున 2009లో ఏర్పడిన ప్రమాణము 40. అనగా ఇతరులకు ప్రమాదమని తోచినదానికి ఎనిమిదిరెట్లు మనకు అనుమతింపబడినది! ఆ మెత్తని ప్రమాణమైనను మన పల్లెలలో నిలుచుచున్నదో లేదో చూచుటకు యంత్రమేది? గాలిని నిరంతరము పరీక్షించు కేంద్రములు నగరములయందును, పెద్ద పారిశ్రామికవాడలయందును నెలకొల్పబడినవే కాని, క్రషరు ప్రక్కనున్న వాడను తలచి పెట్టినవి కావు.

రాతిధూళి కథ మరియు ఘోరమైనది. పలుగురాతియందును, నల్లరాతియందును ఉండు సిలికా ఊపిరితిత్తులలో చేరి వానిని గట్టిపరచును. దీనినే సిలికోసిస్ అందురు. దీనికి మందు లేదు. పలుమారు క్షయయని పొరబడి సంవత్సరముల తరబడి తప్పు వైద్యము జరుగుటయు కలదు. షాద్‌నగరు చెంతనున్న ఎలికట్ట గ్రామమున పలుగురాతిపిండి మిల్లులలో కూలి చేసినవారు ఈ వ్యాధి పాలబడిన వృత్తాంతము పత్రికల కెక్కి లోకమునకు తెలిసినది. ఎలికట్ట షాబాదునకు దూరదేశము గాదు. కార్ఖానాల చట్టము 1948 నుండియు ఈ వ్యాధిని విధిగా తెలియజేయవలసిన వ్యాధులలో చేర్చియే యున్నది. చట్టమున్నది, చావును ఉన్నది. నడుమ లేనిది జాగ్రత్త.

ఈ ధూళిని పీల్చువారెవరు? ఊరి పెద్దయిల్లు క్రషరు ప్రక్కన నుండదు. ఊరికి వెలియైన వాడయే గుట్టవైపు నుండును. చేవెళ్ళ శాసనసభాస్థానము షెడ్యూల్డు కులములవారికి ప్రత్యేకింపబడినది. కుర్చీని ప్రత్యేకించిన రాజ్యాంగము మంచిపనియే చేసినది. కాని ఆ కులములవారి ఊపిరిని కాచువారేరీ? రంగారెడ్డి జిల్లా ఇటుకబట్టీలలో ఒడిషానుండి వచ్చిన కూలీలు పిల్లాపాపలతో బట్టీ ప్రక్కనే గుడిసెలు వేసికొని ఆరేడునెలలు కాలము గడపుచున్నారు. వారికి ఈ ఊర ఓటు లేదు. కావున వారి దగ్గును లెక్కగొన్నవారు లేరు. ఆకుమీద మన్ను కప్పిన చేనును అట్టిదే. మొక్క ఆకుతోనే ఊపిరి పీల్చును, ఆకుతోనే వెలుతురు త్రాగును. రోడ్డువార చేను తెల్లబడిన రైతు నష్టము ఏ పద్దులోనికిని ఎక్కదు.

ఇక పైకము సంగతి. 2019 జనవరిలో కేంద్రప్రభుత్వము జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమమును ఆరంభించినది. 131 నగరములు దానియందు చేరినవి. పదునైదవ ఆర్థికసంఘము పదిలక్షలకు మించిన జనసంఖ్యగల నగరములకు గాలికొరకు ప్రత్యేకముగా నిధులను విధించినది. హైదరాబాదునకు అందు భాగము కలదు. మేము సంతోషించితిమి. కాని ఆ సొమ్ము పోయిన త్రోవను చూడుడు. 2024లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అను సంస్థ చేసిన పరిశీలన ప్రకారము, వ్యయమైన దానిలో సుమారు 64 శాతము రోడ్లదుమ్ము నణచుటకే పోయినది; పరిశ్రమల పొగకై వెచ్చింపబడినది ఒక్క శాతమునకును లోపు. నగరవీధిని ఊడ్చుటకు యంత్రమును కొనుటకు సొమ్మున్నది. ఆ వీధికి కంకరనిచ్చిన గుట్టక్రింది గూడెమునకు నీళ్ళు చల్లుటకు సొమ్ము లేదు. గాలికి పొలిమేర లేదు. నిధికి మాత్రము పొలిమేర గీచినారు.

అట్లని పల్లెలకును పైనుండియే ఒక పథకము దిగివచ్చిన చాలునని మేము చెప్పుటలేదు. దిగివచ్చిన పథకముల గతి మనమెఱుగనిది కాదు. 1983లో పొగలేని పొయ్యిల జాతీయ కార్యక్రమము మొదలైనది. 2002 వఱకు నడచినది. దేశమందు మూడుకోట్లకు పైగా పొయ్యిలు పంచినారు. పొయ్యి నమూనాను నిర్ణయించినవారు వంట చేయువారు కారు. పగిలిన గొట్టమును బాగుచేయుటకు ఊర మనిషి లేడు. మా ఇంట జొన్నరొట్టెకు ఈ మంట చాలునా యని ఒక్క గృహిణి నడిగినవారు లేరు. లెక్కలలో పొయ్యిలు వెలుగుచునే యుండెను. ఇండ్లలో మూడురాళ్ళు మరల లేచెను. ధనము చాలక కాదు, ధనముపై అధికారము వంటింటికి లేక ఆ పని చెడినది.

దీనికి ప్రతిగా, ప్రజలు తామై పూనుకొనిన పనుల ఫలమును చూడుడు. తమిళనాట కడలూరు సిప్కాటు పారిశ్రామికవాడ చెంత పల్లెప్రజలు 2004 ప్రాంతమున తమ గాలిని తామే బకెట్లలో పట్టి పరీక్షకు పంపిరి. ఏ వాసన ఏ జామున, ఏ దిక్కునుండి వచ్చెనో పుస్తకమున వ్రాసికొనిరి. అంతవఱకు వట్టి వాసనయని త్రోసివేసిన అధికారులు పిమ్మట త్రోసివేయలేకపోయిరి. అమెరికాలో ఓక్లండు నగరపు పశ్చిమభాగమున రేవు ప్రక్కనున్న బీదవాడల ప్రజలు తమ వీధులలో తిరుగు ట్రక్కులను తామే లెక్కించిరి. 2017లో కాలిఫోర్నియా శాసనసభ ఒక చట్టము చేసి, ఇట్టి వాడలయందు గాలిని బాగుచేయు ప్రణాళికను స్థానికులు కూర్చుండిన సంఘమే తయారుచేయవలెనని విధించి, దానికి నిధులను చేకూర్చినది. 2019లో ఆ వాడకు ప్రణాళిక సిద్ధమైనది. అదే దేశమున కేంద్రప్రభుత్వము ఇట్టి బీదవాడలకు మంజూరు చేసిన గ్రాంట్లు పెక్కింటిని 2025లో రద్దుచేసినది. ఇందు మనకు రెండు పాఠములున్నవి. ప్రజలచేత పెట్టిన సొమ్ము పనిచేయును. దొరల దయగా వచ్చిన సొమ్ము దయతోడనే పోవును. కావున నిధి చట్టముచే కట్టుబడవలెను.

అంతదూర మేల? చేవెళ్ళ రహదారి మఱ్ఱులనే చూడుడు. హైదరాబాదు–బీజాపురపు బాట వెంట మొయినాబాదు, చేవెళ్ళల మీదుగా సుమారు తొమ్మిదివందల మఱ్ఱిచెట్లు కలవు. బాట వెడల్పునకై వానిని కొట్టుట నిశ్చయమైనపుడు కొందఱు వృక్షప్రియులు చెట్టుచెట్టును లెక్కించి, గుర్తులు వ్రాసి, జాతీయ హరితన్యాయస్థానము నాశ్రయించిరి. తుదకు పెక్కు చెట్లను నిలుపుటకు రహదారుల సంస్థ సమ్మతించినది. లెక్కించినవానికి న్యాయస్థానమున మాట చెల్లినది. అదే బాటపై 2025 నవంబరు 3వ తేదీని చేవెళ్ళ చేరువ కంకర టిప్పరు బస్సునకు తగిలి పలువురు ప్రయాణికులు ప్రాణములు గోల్పోయిరి. చెట్లకు లెక్క ఉన్నది. ఆ బాటను పోవు టిప్పర్లకు లెక్క ఏది? వాని దుమ్మునకు లెక్క ఏది?

ఇప్పుడు మేము చెప్పదలచినది సూటిగా చెప్పుచున్నాము. షాబాదు, చేవెళ్ళ, మొయినాబాదు మండలములలో ప్రతి పీడితగ్రామమునకును ఒక వాయునిధి ఏర్పడవలెను. దానిని వ్యయపరచు అధికారము గ్రామసభ కుండవలెను. పైకమెక్కడిదందురా? మూడు ఊటలు కలవు.

మొదటిది, ఖనిజపు సొమ్ము. 2015లో గనుల చట్టమును సవరించి జిల్లా ఖనిజ ప్రతిష్ఠానములను నెలకొల్పిరి. త్రవ్వినవారు రాయల్టీపై అదనముగా చెల్లించు ద్రవ్యము దానిలో చేరును. అందులో కనీసము 60 శాతము త్రాగునీరు, ఆరోగ్యము, విద్య, స్త్రీశిశుసంక్షేమము, కాలుష్యనివారణ మున్నగు ముఖ్యకార్యములకు వినియోగింపవలెనని ఆ ఏటనే కేంద్రము నియమము చేసినది. అయినను ఈ ధనము గనిక్రింది ఊరిని దాటి కట్టడములకు మరలుచున్నదను విమర్శ దేశమంతట వినబడినది. దుమ్ము పడిన ఊరికే మొదట పైకము పోవలెను. రెండవది, కంపెనీల సొమ్ము. 2013 నాటి కంపెనీల చట్టము 135వ విభాగము ప్రకారము పెద్ద కంపెనీలు మూడేండ్ల సగటు లాభములో 2 శాతము సమాజకార్యములకు వెచ్చింపవలెను. తాము వ్యాపారము చేయుచున్న ప్రాంతమునకు ప్రాముఖ్య మీయవలెను. మూడవది, పంచాయతీ సొంత సొమ్ము. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము గ్రామబడ్జెటులో 10 శాతమును హరితబడ్జెటుగా ప్రత్యేకించినది. మొక్క నాటుట ఎంత ముఖ్యమో, నాటినచోటు ముఖ్యము. బడికిని టిప్పరుబాటకును నడుమ నాటిన వేపవరుస, ఊరవతల లెక్కకొరకు నాటిన వేయిమొక్కలకన్న మేలు.

ఈ సొమ్ముతో ఏమి చేయుదురని ప్రశ్నింపవచ్చును. మొదట కొలతురు. బడిమీద నొకటి, వాడలో నొకటి, పంచాయతీకడ నొకటి చిన్న గాలికొలత యంత్రములను పెట్టి, వానిని కాలుష్యనియంత్రణ మండలి యంత్రముతో సరిచూచుకొని, దినదినము ఫలితమును గ్రామచావడి పలకపై సుద్దతో వ్రాయుదురు. పిదప పల్లెత్రోవకు తారు వేయుదురు. పంచాయతీ ట్రాక్టరు ట్యాంకరుతో నీరు చల్లుదురు. వేసవిలో త్రాగునీటికి లోటురాకుండ వాడిననీటిని వడపోసి వాడుదురు. టిప్పర్లకు పట్టా కప్పనిదే ఊరిలోనికి రానీయరాదని కట్టడి చేయుదురు. కట్టెలపొయ్యి వీడని ఇండ్లేవో మహిళాసంఘములచే తెలిసికొని, గ్యాసుబండ మరల నింపించుకొనుటకు సాయపడుదురు. 2016లో మొదలైన ఉజ్జ్వల బీదయింటికి గ్యాసుబండ తెచ్చినది. రెండవబండ కొనుటకు చేతిలో రొక్కము లేని ఇంట పొగ మరల వచ్చుచున్నది. రాతికూలీలకు ఏటేట ఊపిరితిత్తుల పరీక్ష చేయింతురు. ఇవి మహాయంత్రములు కోరు పనులు కావు.

దీనికి మూడు ఆక్షేపణలు రాగలవు. మొదటిది, గ్రామపెద్దలు నిధిని మ్రింగుదురని. ఈ భయము నిరాధారము కాదు; పెద్దరికముతోపాటు గుత్తేదారీ చేయువారు పల్లెలలో లేకపోలేదు. క్రషరుగల ఆసామియే సర్పంచునకు కుడిభుజమైనచోట నిధి ఏమగునో ఊహింపవచ్చును. కావున ఖాతా సర్పంచు ఒక్కని చేతిలో నుండరాదు. వాడకొక ప్రతినిధి, మహిళాసమాఖ్యనుండి ఇద్దరు, బడిపంతులు, ఆశా కార్యకర్త కలిసిన సంఘము దానిని నడుపవలెను. ప్రతి రూపాయియు చావడిపలకపై గాలికొలత ప్రక్కనే కనబడవలెను. మన మహిళాసంఘములు ఇరువదియైదేండ్లుగా పొదుపులెక్కలు వ్రాసికొనుచు, బ్యాంకు అప్పులు తీర్చుచునే యున్నవి. కోట్లు లెక్కించుకొనగలిగిన స్త్రీలకు దుమ్ము లెక్కించుట రాదా?

రెండవది, పరిశ్రమలు బెదరి పోవునని. మేము పరిశ్రమలకు శత్రువులము కాము. పల్లెపిల్లలకు కొలువు కావలెను. కాని రాతిక్రషరు చుట్టును ధూళి వెలికి రాకుండ కప్పు, గాలి నాపు గోడ, ఆవరణములో గట్టిబాట, నేలను ఊడ్చి తడుపుట, పచ్చని వృక్షవలయము ఉండవలెనని పర్యావరణరక్షణ నియమములలో ముందే వ్రాసియున్నది. వ్రాసియున్న ధర్మమును అడిగిన పాఱిపోవు పరిశ్రమ, ఊరిని ఉద్ధరించు పరిశ్రమ కాదు.

మూడవది మిక్కిలి బలమైనది. దానిని మేమే చెప్పెదము. ఊరికి నిధినిచ్చితిమి గదాయని పొగవిడుచువాడు తప్పించుకొనవచ్చును. సర్కారు చేతులు దులుపుకొనవచ్చును. దీనిని మేము ఏమాత్రము సహింపము. 1981 నాటి వాయుచట్టము కాలుష్యనియంత్రణ మండలికి అనుమతినిచ్చు అధికారమును, మూసివేయు అధికారమును ఇచ్చియున్నది. తన గోడలోపలి ధూళి నణచుట కంపెనీకి విధి. అది దానముగా జమకట్టరాదు. ఊరినిధి వైద్యుడు వచ్చులోపల గాయమునకు కట్టు కట్టునట్టిది. కట్టు కట్టితిమని కత్తిపట్టినవానిని విడువరాదు. ఊరి కొలతలు మండలికి సాక్ష్యము కావలెను. మండలి వానిని స్వీకరించి, నిర్ణీత దినములలో జవాబు చెప్పవలెను.

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖ చెంత ఆర్.ఆర్. వెంకటాపురమున విషవాయువు వెడలి పండ్రెండుమందిని బలిగొన్నది. మఱునాడే హరితన్యాయస్థానము కంపెనీని 50 కోట్ల రూపాయలు తాత్కాలికముగ జమచేయుమని ఆజ్ఞాపించినది. చచ్చిన మఱునాడు కోట్లు లేచి వచ్చినవి. బ్రతికియున్ననాడు ఆ ఊరిలో ఒక్క గాలికొలత యంత్రమునకు, ఒక్క హెచ్చరికగంటకు వెచ్చించిన ఎంత మేలై యుండెడిది! షాబాదు ధూళి ఒక్క రాత్రిలో చంపదు. ఏండ్ల తరబడి, ఒక్కొక్క ఇంట, చప్పుడు లేక చంపును. కావుననే దానికి విచారణసంఘములు రావు.

పట్టణములలోని పాఠకమహాశయులకు ఒక మనవి. మీరు కూర్చుండి ఈ పత్రిక చదువుచున్న పఠనమందిరపు గోడలో ఏ గుట్టరాయి యున్నదో తలచికొనుడు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినపుడు దానిని నిలిపినది సర్కారు గ్రాంటు కాదు. భాష తమదని తలచినవారి చందా. గాలి మనదని తలచినపుడు నిధి దానంతట పుట్టును. 2025 డిసెంబరులో తెలంగాణ పల్లెలలో ఎన్నికలు జరిగి క్రొత్త సర్పంచులు వచ్చియున్నారు. వారు తమ గ్రామసభలలో గాలిమాటను ఒక్క తీర్మానముగా చేయింతురుగాక. జిల్లా కలెక్టరు ఖనిజనిధి లెక్కను గ్రామముల వారీగా ప్రకటింతురుగాక. చందన్‌వెల్లి కంపెనీలు తమ 2 శాతములో పొరుగూరి ఊపిరికి భాగమెంతయో బహిరంగపరచుగాక.

ఊరి చెరువునకు ఊరివారు కాపలాయుండిరి; ఊరి నీటిని నీరటికాడు పంచెను. గాలికిని అట్టి కాపరి ఊరినుండియే పుట్టవలెను. వానికి జీతము, యంత్రము, మాటకు విలువ ఇచ్చుట మనవంతు. ఆ వంతు చెల్లింపక, పల్లె నిచ్చిన నీరు త్రాగి, పల్లె నిచ్చిన రాతితో ఇల్లు కట్టుకొని, పల్లెకు దుమ్ము మిగిల్చిన నగరమును భాగ్యనగరమని పిలుచుకొనుటకు మనకు మొగము చెల్లదు.